తియ్యటి మొవ్వు

ఇవాళ మధ్యాహ్నం ఎదురింటివాళ్ళు కరెంటు తీగలకి అడ్డొస్తోందని పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించారు. అమలాపురంలో ఇది మామూలే కాబట్టి రంపం మిషను రొద వినగానే కిటికీ మూసేశాను. అయినా వాసన సందుల్లోంచి దూరి వచ్చేసింది. అప్పుడే కోసిన కొబ్బరి మాను వాసన, పచ్చిపాలూ తడిమట్టీ కలిసినట్టుంటుంది. అది తగిలితే ఈ వయసులో కూడా నాకు ముందు ఏడుపొస్తుంది, ఆ వెనకే ఒళ్ళు మండుతుంది.

మాది పి.గన్నవరం అవతల, కాలువగట్టు పక్క ఊరు. మా ఇంట్లో బారసాల నాడు పేరు పెట్టాక బిడ్డని తోటలోకి ఎత్తుకెళ్ళి, ఒక కొబ్బరిచెట్టు మొదట్లో పసుపు రాసి, ఇది నీదని చెప్పడం ఆనవాయితీ. ఇక అట్లతద్దికైనా, నాగులచవితి చలిమిడికైనా, పుట్టినరోజు బూరెలకైనా ఆ బిడ్డకి ఆ చెట్టు కాయే కొట్టాలి. కాలువ వైపు వరసలో నా చెట్టూ అన్నయ్య చెట్టూ పక్కపక్కనే జెండాకర్రల్లా నిటారుగా ఉండేవి. ఎండాకాలం సెలవుల్లో రాలిన మట్టమీద ఒకళ్ళం కూర్చుంటే ఒకళ్ళం గట్టు పొడుగునా లాక్కెళ్ళడం, ఆకుతో చేతిగడియారాలూ బూరాలూ చేసుకోవడం, కాయలు కోసే దింపు రోజున లేత బొండాల్లో మీగడ కోసం కొట్టుకోవడం, అంతా ఆ నీడలోనే.

తాతగారు, మా నాన్నగారి నాన్న, పొద్దున్నే కాఫీ తాగి, తువ్వాలు భుజాన వేసుకుని తోటకి బయల్దేరితే నేను వెనకాలే ఉండేదాన్ని. ఆయన నాకు చెట్టుని ఒంటిని చూపించినట్టు చూపించేవారు. తల్లివేరంటూ లేకుండా చీపురుపుల్లల్లా కిందంతా పరుచుకున్న వేళ్ళు నీళ్ళు తాగుతాయనీ, మాను ఆ నీళ్ళని పైకి మోస్తుందనీ, ఆకు ఎండలో కూర్చుని అందరికీ వండుతుందనీ చెప్పేవారు. మామిడికి కొమ్మ నరికితే ఇంకోటి వేస్తుంది గానీ కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఆకుల మధ్య దాక్కున్న మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే.

ఒకసారి ముసురు రోజుల్లో దింపు తీసే సూరిబాబు వేరే వరసలో ఒక చెట్టెక్కి, పసుపుపచ్చగా వాలిన మొవ్వాకు పట్టుకుని దిగాడు.

"చేత్తో అట్టా లాగితే ఊడొచ్చేసిందండి, ఆయ్."

తాతగారు ఆ ఆకు మొదలు నా ముక్కు దగ్గర పెట్టారు. కుళ్ళిన కంపు. నాకు వాంతొచ్చినంత పనైంది.

"గుర్తెట్టుకో అమ్మడూ. తెగులు కంటికి దొరక్కపోయినా ముక్కుకి దొరికిపోద్ది. మంచి మొవ్వు తెల్లగా, తియ్యగా ఉంటాది."

ఆ ఏడే గాలివానకి మా పశువులపాక కూలిపోయింది. తర్వాత కొన్నాళ్ళకి, నేను బడినుంచి వచ్చేసరికి తాతగారు అరుగుమీద తల వంచుకుని కూర్చున్నారు.

"నీ చెట్టుకి మొవ్వు కుళ్ళిందమ్మా. ఉంచితే పక్కవాటికి పాకుద్ది. కొట్టించెయ్యాలి."

నేను ఏడ్చానే గానీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆయన చెప్పాక ఇంకేముంది? వాడి చెట్టుకి తెగులు అంటుతుందని అన్నయ్యని కూడా నేనే ఆ వైపు వెళ్ళనివ్వలేదు.

చెట్టు పడ్డాక సూరిబాబు మట్టలు కొట్టేసి, మొవ్వు తీసి అరిటాకులో పెట్టాడు. చుట్టూ అందరూ చేరారు. మా వైపు చెట్టు పడితే మొవ్వు తినడం పండగ కింద లెక్క. అమ్మ ఒక ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. కరకరలాడింది. పాలకన్నా తెల్లగా ఉంది. ఎంత తియ్యగా ఉందంటే, నమలడం ఆపేసి తాతగారి వైపు చూశాను. ఆయన ముక్క ముట్టుకోలేదు. కాళ్ళు కడుక్కునే నెపంతో కాలువలోకి దిగారు. పదిరోజులు తిరక్కుండానే నా చెట్టు కొత్త పాకకి దూలమైంది.

నా బాధ చెట్టు పోయిందని కాదు. పాకకి దూలం కావాలమ్మా అని అడిగితే ఇచ్చేసేదాన్ని. ఏది జబ్బో ఏది కాదో నాకు నేర్పిన మనిషి, ఆ చదువుతోనే నన్ను మోసం చేశాడని. ఆ తర్వాత ఆయన గుమ్మంలో నిలబడి "అమ్మడూ, వస్తావా?" అంటే, చదువుకోవాలి తాతగారూ అనేదాన్ని. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు. నేను కాకినాడ కాలేజీలో ఉండగా పోయారు.

ఇవాళ కిటికీ మూసి వచ్చి కూర్చుంటే, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది.

"ఆ మొవ్వు చెత్తబండిలో పడేస్తారు కాబోలు. నీ చెట్టు మొవ్వు ఎంత తియ్యగా ఉందే!"

ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నది బయటికి వచ్చేసింది. "తాతగారు నాతో అబద్ధమాడేరమ్మా."

అమ్మ నవ్వింది. "ఆయనంతట ఆయన ఎక్కడ ఆడేరే! దూలానికి పనికొచ్చేంత నిటారుగా ఉన్నవి మీ ఇద్దరివే. మీ అన్నయ్యదో నీదో, ఒక చెట్టు కొట్టాలి. వాడిదైతే ఇల్లు పీకి పందిరేసేవాడు. నువ్వు చెప్తే వినేదానివి. మావయ్యగారేమో 'దాన్నే అడుగుదాం, ఇస్తుంది' అన్నేరు. 'ఎందుకండీ, తెగులని చెప్పెయ్యండి, చిన్నపిల్ల, మర్చిపోద్ది' అన్నాను నేనే."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఆయనే వద్దన్నేరు. తల్లి మీద పిల్లకి నమ్మకం పోకూడదంట."

ఆ తోట ఇప్పుడు రొయ్యల చెరువు. వేళ్ళూ ఆకులూ మొవ్వూ చూపించడానికి ఒక్క చెట్టు లేదు, చూపించే మనిషీ లేరు. ఆయన మీద కోపంతో నా చిన్నతనం సగం గడిపేశాను. ఆ కోపం పడాల్సిన మనిషి నా ఎదురుగా కూర్చుని, చిక్కుడుకాయల్లో వంకాయ కలిపి వండమంటావా అని అడుగుతోంది.