అక్షరాల్లో రాసిన తొమ్మిది

ఇరవై ఏళ్లకు పైగా ఒక అంకెను గొంతులో పెట్టుకుని బతికాను. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. ఎవరైనా మా కెప్టెన్ పేరెత్తితే చాలు, గర్వంతో ఛాతీ పొంగేది, వెంటనే ఆ అంకె అడ్డం పడేది. ఇప్పుడు మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

కెప్టెన్ అంటే మన దేశం ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. మైదానం నడి మధ్యన నిలబడి బంతిని ఎవరికి పంపాలో తేల్చే మనిషి. మాది పలాస నుంచి ఆటోలో గంట దూరం, సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు. ఆ ఇసకలో ఆడిన పిల్ల, దేశం పాట వినిపిస్తుంటే చేతికి కెప్టెన్ పట్టీతో ముందు వరసలో నిలబడేది. అది టీవీలో చూసిన ప్రతిసారీ నా ఒళ్లు జలదరించేది. డెబ్బై దాటిన ముసలాణ్ణి, కుర్చీలో కూర్చోలేకపోయేవాణ్ణి. పోయిన వారం ఆమె చివరి ఆట ఆడేసింది. ఆడుతున్నన్నాళ్లూ, చెబితే ఆమె ఆట చెడుతుందని నాకు నేను సాకు చెప్పుకున్నాను. ఆ సాకు కూడా ఇప్పుడు లేదు.

మా ఊళ్లో ఒక ఏడాది పిల్లలకు అమ్మవారు పోసింది. బతికి బట్టకట్టిన ఆడపిల్లలకు వరసపెట్టి అసిరమ్మ అని పేరు పెట్టారు. మా ఊరి దేవత అసిరితల్లి నిలబెట్టిన పిల్లలు మరి. ఇంటిపేర్లు కూడా అవే తిరిగి తిరిగి వస్తాయి. అందుకని ఇల్లు చెప్పి పిలుచుకుంటాం. ఇసకదిబ్బ మీద ఇంటి పిల్ల దిబ్బమీద అసిరి. బావి పక్కింటి పిల్ల బావికాడ అసిరి. ఇద్దరూ బడి జట్టులో ఆడేవారు. బావికాడ అసిరిది ఏడో నంబరు చొక్కా, దిబ్బమీద అసిరిది తొమ్మిది. తొమ్మిదో నంబరు పిల్ల పరిగెత్తిందంటే కాళ్లు కనబడేవి కావు, ఇసక లేవడమే కనబడేది. టెక్కలి పోటీలో ఒక్కతే నాలుగు గోల్స్ వేసింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. గొంతు పోయేలా అరిచాను. అది గుర్తుపెట్టుకోండి. ఎవరు గొప్పగా ఆడారో నాకు తెలుసు.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. చిన్నప్పుడే పలాస జీడిబట్టీలో పనికి వెళ్లాను. జీడి నూనెకు వేళ్ల చర్మం ఊడిపోతున్నా, పొట్లాలు కట్టే పాత ఇంగ్లీషు పేపర్లు కూడబలుక్కుని చదివి ఆ భాష పట్టాను. నా అంతట నేను. ఊరికి తిరిగొచ్చాక ఏ కాగితం వచ్చినా నేనే చదివి చెప్పాలి. ఒకసారి దిబ్బమీద అసిరి తండ్రి ఆస్పత్రి చీటీలో రోజు తప్పు చదివాను. మనిషికి అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి, కాళ్లు వాచి ఉన్నాయి. ఊరికే టెక్కలి దాకా వెళ్లి తిరిగొచ్చాడు. తప్పు నాదే. కానీ అప్పట్నించి రేవులో నన్ను ‘ఇంగిలీసు మావ’ అని పిలవడం మొదలెట్టాడు. పడవ లాగేవాళ్లంతా నవ్వేవారు. ఏం చదువుకున్నారని వాళ్లు నవ్వడానికి? ఇప్పటికీ తలుచుకుంటే నాకు మండుతుంది. ఇంత జరిగాక కూడా మండుతుందంటే నేనెలాంటి మనిషినో చూడండి.

ఆ వేసవి సెలవుల్లో బడి పేరు మీద ఉత్తరం వచ్చింది. బడికి తాళం. పోస్టాయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. వలలు బాగుచేసే పాక దగ్గర ఊరంతా మూగింది. శిక్షణ శిబిరానికి ఒక అమ్మాయిని పంపమని రాశారు. పేరు అసిరమ్మ. తండ్రి పేరు లేదు. కింద ఇంకో వాక్యం ఉంది. టెక్కలిలో తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్న అమ్మాయి అని. ఆ తొమ్మిదిని అంకె వేయలేదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. అంకె అయితే మా ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు, పడవల మీద నంబర్లుంటాయి కదా. అక్షరాలు పెద్దవాళ్లలో నాకొక్కడికే వచ్చు, కాగితం పిల్లల చేతికి ఇవ్వలేదు.

“సెప్పు మావా, ఏ అసిరికి?” అన్నాడు దిబ్బమీద అసిరి తండ్రి.

“ఆగరా, సదవనీ.”

“ఈసారైనా సరిగ్గా సదువు. మొన్న నీ మాట ఇని ఎల్లి, ఆస్పత్రి అరుగు మీద కుక్కల్తో కూకుని వచ్చినాను.”

అందరూ నవ్వారు. ఆడవాళ్లు కూడా.

“ఏడో నంబరు పిల్లని పంపమన్నారు,” అన్నాను.

“ఏడా? తొమ్మిది కాదేటి? బాగా సూడు.”

“ఇంగిలీసు నీకొచ్చా, నాకొచ్చా?”

నవ్వు ఆపేశాడు. “నీకే వచ్చునులే మావా,” అన్నాడు నెమ్మదిగా.

మొదటిసారి నా చదువును ఒప్పుకున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా, సరిగ్గా చూడలేదురా, తొమ్మిదే అని? నోటి దాకా వచ్చింది. కానీ ఆ ఒప్పుకోలు ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని వదులుకోలేకపోయాను. తండ్రి వెనకాలే దిబ్బమీద అసిరి నిలబడి ఉంది. వెళ్లి బావికాడ అసిరిని వాటేసుకుంది.

శిబిరంలో బావికాడ అసిరి పేరు చూశారు, ఊరు చూశారు, సరిపోయింది. ముందు వరసలో ఆడించారు. పరుగు చాలలేదు. ‘నిన్నెవరే ఇక్కడికి పిలిచింది’ అని విసుక్కుని కోచ్ ఆమెను మధ్యకు జరిపాడట. జరిపాక బయటపడింది అసలు సంగతి. మైదానమంతా ఆ పిల్ల కళ్లలో ఉంది. తను పరిగెత్తక్కర్లేదు, బంతిని పరిగెత్తిస్తుంది. రాష్ట్రం జట్టు, ఆ తర్వాత దేశం జట్టు, ఆ తర్వాత కెప్టెన్. మోకాలు విరిగిందన్నారు, తిరిగొచ్చింది. పనైపోయిందన్నారు, మళ్లీ పట్టీ కట్టుకుంది. కోచ్ విసుక్కున్న కథ టీవీలో నవ్వుతూ చెప్పేది. ఊరు నవ్వేది. నేను లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

మంచే జరిగింది కదా అంటారేమో. అనకండి. ఆ మాట నాకు నేను వేలసార్లు చెప్పుకున్నాను. ఒక కెప్టెన్ పుట్టిందని ఇంకొకరి కాళ్లు కట్టేసే అధికారం నాకెవరిచ్చారు? దిబ్బమీద అసిరి ఇప్పుడు పలాసలో జీడిపప్పు రకాలు ఏరే పని చేస్తుంది. రోజంతా కూర్చునే పని. ఆ కాళ్లతో.

పోయిన వారం చివరి ఆట తుఫాను షెల్టర్‌లో పెద్ద తెర కట్టి చూశాం. విరామంలో దిబ్బమీద అసిరిని గోడ పక్కకు పిలిచి చెప్పేశాను.

“అచ్చరాల్లో రాసినారా, తొమ్మిదని?”

“అవునమ్మా.”

“నాన్న తెలీకుండానే పోనాడు,” అంది. తర్వాత చాలాసేపు నా వేళ్ల వైపు చూసింది. ఇంకేదో అంటుందని ఎదురుచూశాను. తిడుతుందని ఆశపడ్డాను. లోపల ఈలలు మొదలయ్యాయి. “ఆట మొదలైపోనాది తాతా,” అని లోపలికి వెళ్లిపోయింది.

నేను బయటే ఉండిపోయాను. అందరి అరుపుల్లో ఆమె గొంతు నాకు విడిగా వినబడుతోంది. “ఎడం పక్కకే, ఎడం పక్కకి వదిలెయ్యే బావికాడదానా.” ఒక్క క్షణం తర్వాత షెల్టర్ కప్పు ఎగిరిపోయేలా అరిచారు. బంతి ఎటు వెళ్లిందో నేను చూడలేదు. గోడకు ఆనుకుని నేనూ అరిచాను, టెక్కలిలో అరిచినట్టు. గొంతులో ఏదీ అడ్డం పడలేదు. అందుకు సిగ్గేసింది. అయినా ఆపలేదు.