లెన్స్ కడిగిన నీళ్ళు

మా కళ్ళజోళ్ళ షాపాయన మొన్న మంగళవారం ఉదయం పోయారు. పక్కనే మందుల దుకాణం నడిపే ఆయన ఫోన్ చేసి చెప్పారు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన నాకు చేసిచ్చిన జోళ్ళు పదకొండు. ఒక్కటీ తలనొప్పి తేలేదు.

రాజమండ్రిలో ఇప్పుడు అడుగడుక్కీ కళ్ళద్దాల షాపులే. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే అద్దం చూపించి, "మీకిది సూపరుంటుంది మేడమ్" అంటారు. విని విని వెగటు పుట్టింది. ఈయన మాత్రం ముందుగా చేతులు సబ్బుతో కడుక్కుని, ఎదురుగా కూర్చుని, "రోజంతా ఏం చేస్తారండీ?" అని అడిగేవారు. బండి నడుపుతారా, పొయ్యి దగ్గర ఎంతసేపుంటారు, జోడు తీయకుండానే కునుకు తీస్తారా? అన్నీ విన్నాకే ఫ్రేములు బయటికి తీసేవారు. "మొహానికి నప్పేది మీరు చూసుకోండి, బతుక్కి నప్పేది నేను చూస్తాను" అనేవారు.

నాలుగేళ్ళ కిందట నా మనవరాలికి పెళ్ళిచూపులు అనుకున్నాం. "సోడాబుడ్డి అద్దాలతో కూర్చోబెడతావా వదినా పిల్లని?" అంది మా ఆడపడుచు. ఆ మాటని అప్పుడే చీదరించుకోవలసింది. బదులుగా కంట్లో పెట్టుకునే లెన్సులు కొందామని పిల్లని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాను.

"ఎవరి కోసమమ్మా లెన్సులు?"

"చూడ్డానికొచ్చేవాళ్ళ కోసమండీ" అంది మనవరాలు.

"అయితే వాళ్ళనే పెట్టుకోమనమ్మా!"

నవ్వుకున్నాక రెండు రకాలు చూపించారు. పొద్దున పెట్టుకుని రాత్రికి పారేసేవి ఒకటి, రోజూ మందునీళ్ళతో శుభ్రం చేసుకుంటూ నెలరోజులు వాడేవి ఒకటి. అలవాటు లేని పిల్లకి మొదటివే మేలన్నారు. "రోజూ పారేయడమేంటండీ, దుబారా కాకపోతే!" అన్నాను. నెలరోజులవే తీసుకున్నాం. "మామూలు నీళ్ళు తగలనివ్వకండి టీచరుగారూ. ఏ నీళ్ళైనా సరే" అని రెండుసార్లు చెప్పారు.

కార్తీక సోమవారం రేవులో స్నానం చేసి గుడికి వస్తామనీ, పిల్లని అక్కడే చూస్తామనీ అబ్బాయి తల్లి కబురు పెట్టింది. మేమూ వెళ్ళాం. రేవు మెట్లు దిగుతూ పిల్ల కన్ను నలుపుకుంది. లెన్స్ ఊడి మెట్టు మీద పడింది. ఆ మెట్టు మీద ఏమేమున్నాయో చెబుతాను: దీపాల నూనె, తొక్కేసిన అరటిదొప్పలు, షాంపూ కవర్లు, ఎవరిదో ఉమ్మి. మందునీళ్ళ సీసా ఇంట్లో ఉండిపోయింది.

"ఇంటికెళ్ళిపోదాం మామ్మా."

"గోదావరికి మైలేంటే? ముంచి పెట్టేసుకో. అదిగో, వాళ్ళొచ్చేస్తున్నారు" అన్నాను.

పెట్టుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతుంది. ఆ మెట్టుని తలుచుకుని కాదు, నన్ను తలుచుకుని.

మూడో రోజుకి ఎడమకన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది. షాపాయన టార్చి వేసి ఒక్కసారి చూసి, షట్టరు దింపేసి, మమ్మల్ని ఆటో ఎక్కించుకుని తనే కంటాసుపత్రికి బయలుదేరారు.

"ఏ నీళ్ళతో కడిగావమ్మా?"

"గోదావరి నీళ్ళండీ."

"పూజకి గోదావరి వేరు, కంటికి వేరు! ఎవరు చెప్పారు నీకు?"

మనవరాలు నా వైపు చూడకుండా, "నాకే తోచిందండీ" అంది.

"చదువుకున్నదానివి, బుద్ధుందా?" అని మొదలుపెట్టి ఆటో దిగేదాకా తిట్టారు. వాళ్ళిద్దరి మధ్యా నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. పిల్లకి చూపు దక్కింది, మచ్చ మిగిలింది. మందు వాడిన పదహారు రోజులూ ఆయన ఇంటికొచ్చి, చుక్కలమందు వేళకి పడుతోందా లేదా అని కనుక్కుని వెళ్ళేవారు. ఆ తర్వాత తేలికైన అద్దాలతో కొత్త జోడు చేసి, చెవుల వెనక తనే సరిచేసి పెట్టి, "తిట్టానని మనసులో పెట్టుకోకమ్మా" అన్నారు పిల్లతో. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

మొన్న వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. కళ్ళజోడు తీసేశారు. ముక్కుకి అటొకటి ఇటొకటి, రెండు నొక్కులు అలాగే ఉన్నాయి. వంగి, "ఆ నీళ్ళతో కడగమన్నది నేనేనండీ" అన్నాను. పక్కనున్నావిడ నేనేదో స్తోత్రం చదువుతున్నాననుకుని చేతులు జోడించింది.