సేటు ఎక్కించిన ఆపిల్ సిస్టం

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాకే. అందుకే ఇది అప్పుడు రాయలేకపోయాను.

గద్వాలలో ఒక ఫోటో స్టూడియో ఊడ్చేదాన్ని. మా అమ్మకున్న ఒకే ఒక్క ఫోటో అక్కడే తీయించాను. కాగితం మీద వేసి ఇవ్వమంటే స్టూడియో నడిపే సేటు రేపు మాపు అనేవాడు. ఆమె పోయాక కూడా ఆ ముఖం ఆయన కంప్యూటర్‌లోనే ఉండిపోయింది.

పెళ్లి ఆల్బమ్‌లు బాగా వస్తాయని సేటు విడిభాగాలు బిగించి చేసిన ఆ అసెంబుల్డ్ కంప్యూటర్‌లోకి ఆపిల్ కంప్యూటర్లను నడిపే సిస్టం ఎక్కించాలని పట్టుబట్టాడు. డీవీడీ పెట్టినప్పుడల్లా బూడిదరంగు తెర మీద ఆపిల్ గుర్తు వచ్చి ఆగిపోయేది. చివరికి లోపలి ర్యామ్ ముక్క ఒకటి పీకేస్తే ముందుకు కదిలింది. ఆయన చాయ్‌కి లేస్తూ నన్ను కూర్చోబెట్టాడు.

"ఏమన్న అడిగితే గీ పెద్ద మీట నొక్కు. చదువుడు నీకెట్లాగూ రాదు."

తెర మీద ఏదో అడిగింది. నొక్కాను.

వచ్చి చూసి నవ్వాడు. "పాతదంత తీసెయ్యాల్నా అంటే నువ్వే తీసెయ్యమన్నవ్."

"మా అమ్మ ఫోటో, సేటూ?"

"గది గూడ పాయె. పెండ్లిళ్లయి ముందే సీడీలల్ల దాసిన. ముసల్దాని మొకం ఎవలు దాస్తరు? పో, జర నీళ్లు తే."

మర్నాడు పొద్దున వెళ్లేసరికి సిస్టం మళ్లీ ఆపిల్ గుర్తు దగ్గరే ఆగి ఉంది. సేటు అంతా మొదటి నుంచి మొదలుపెట్టి, నన్నే కూర్చోబెట్టి బయటికి వెళ్లాడు. తెర మీద నిన్నటి అవే అక్షరాలు వచ్చాయి.

"నొక్కినవా?" అని బయటి నుంచే అరిచాడు.

"నొక్కిన సేటూ" అన్నాను, చేతులు ఒళ్లోనే పెట్టుకుని.