టచ్ అండ్ గో అంటే

వరంగల్‌లో సుగ్రా బేగం సాయంత్రాలు ఇంటి ముందుగదిలో ఇంగ్లీషు చెప్పేది. నర్సు ట్రైనింగులో ఉన్న అమ్మాయిలే ఎక్కువగా వచ్చేవారు. "ఒక్కో మాటకు విడిగా అర్థం తీస్తే మోసపోతరు" అని వాళ్లను హెచ్చరిస్తూ ఉండేది.

1979 ఎండాకాలంలో ధాన్యం మార్కెట్లో పేర్చిన బస్తాలు కూలి, అక్కడ హమాలీ పని చేసే ఆమె భర్త ఖాజా పాషా మీద పడ్డాయి. కబురంది సుగ్రా దవాఖానకు పరుగెత్తేసరికి వార్డు ముందు అత్త మహబూబ్‌బీ గుండెలు బాదుకుంటోంది. పక్కనే సుగ్రా శిష్యురాలు, ట్రైనింగు నర్సు విజయలక్ష్మి బిక్కచచ్చి నిలబడింది.

"ముట్టుకొని పోవాల్నట బిడ్డా! నా కొడుకు ఇగ లేడా?" అంది అత్త.

సుగ్రా విజయలక్ష్మి భుజం పట్టుకుంది. "డాక్టర్ ఏమన్నడు? అన్నది అన్నట్టే చెప్పు."

"టచ్ అండ్ గో అన్నరు మేడం. అమ్మ అడిగితే... తాకి పొమ్మన్నరని చెప్పిన."

అంటే బతికే ఉన్నాడు. సుగ్రా గోడకు ఆనుకుంది. ఆ మాట అసలు అర్థం క్లాసులో అయితే చిటికెలో చెప్పేది. ఇప్పుడు అత్తకు ఏ మాటల్లో చెప్పాలా అని వెతుక్కుంది.

"చెప్తలేవేంది బిడ్డా?"

అంతా బాగుందని అబద్ధమాడదామనుకుంది. అత్త ముఖం చూశాక చేతకాలేదు.

"పాణం ఉంది అత్తమ్మా. నిలుస్తదో లేదో ఇప్పుడే చెప్పలేమంటాండ్రు."

మహబూబ్‌బీ ఏడుపు ఆపేసింది. "ఉన్నడు గద! నేనెక్కడికీ పోను" అంటూ లోపలికెళ్లి కొడుకు పాదం పట్టుకుని కూర్చుంది. ఆమెను లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"నా వల్లనే మేడం..." విజయలక్ష్మి వెక్కింది.

"తర్వాత ఏడుద్దువు. పోయి నాడి చూడు."

మరునాడు పొద్దున డాక్టర్ వచ్చి చాలాసేపు పరీక్షించాడు. చివరికి "అవుట్ ఆఫ్ ద వుడ్స్" అన్నాడు. విజయలక్ష్మి ఈసారి తాను అర్థం చెప్పబోకుండా సుగ్రా వైపు చూసింది. సుగ్రా కళ్లలో నీళ్లు చూసి మహబూబ్‌బీ కీడు శంకించి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది.

"గండం గడిచింది అత్తమ్మా" అంది సుగ్రా.

ఖాజా పాషా మళ్లీ బస్తా ఎత్తలేదు. ఎనభైలలో ఆ ఇల్లు క్లాసు మీదే నడిచింది. ఏ ఇంగ్లీషు నుడికారం నేర్పినా సుగ్రా ఒకమ్మాయిని రోగి తల్లిగా కూర్చోబెట్టి, దాన్ని ఆమెకు తెలుగులో చెప్పమని మిగతావాళ్లను అడిగేది. ఉద్యోగం వచ్చాక కూడా విజయలక్ష్మి ఆదివారాలు వచ్చి ఆ తల్లి చోట కూర్చునేది. "అంటే బతుకుతడా, బతకడా?" అని కొత్తవాళ్లను నిలదీసేది.