స్పాసా కొండ మీద పంగ గుంజలు

టోపోల్నిక్ ఊళ్లో గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి ఒకప్పుడు ఎవరూ తల ఎత్తి చూసేవాళ్లు కాదు. ముక్కు ఉంటే చాలు. దక్షిణం గాలి మొదలైతే పెళ్లి విందులో పెళ్లికొడుకే లేచి కిటికీలు మూసేవాడు. ఒక ఏడాది వలస కొంగల గుంపు ఈ కంపుకి దిమ్మెరపోయి, ఆఫ్రికా వెళ్లాల్సింది దారి తప్పి బోస్నియాలో దిగిందట. అబద్ధమంటే అబద్ధమే. కానీ చూశామని ఒట్టు వేసేవాళ్లు ఊళ్లో ఇంకా బతికే ఉన్నారు.

ఆ కంపంతా ఏటి అవతల మునిసిపాలిటీ చెత్తదిబ్బది. తాతల కాలంలో అది పచ్చిక మైదానం. వసంతంలో వచ్చే జుర్జెవ్‌దాన్ పండగనాడు ఊరు ఊరంతా తెల్లారకముందే అక్కడికి చేరి, మంచుతో మొహం కడుక్కుని, గొర్రెపిల్లల్ని కాల్చుకు తినేది. తర్వాత మునిసిపాలిటీ లారీలు వచ్చాయి. మైదానం పక్కన పల్లం నిండింది, ఆ తర్వాత మైదానమే మునిగింది. చివరికి చెత్త పెరిగి పెరిగి చర్చి గోపురంతో పోటీకి దిగింది.

ఆ దిబ్బని తొక్కి తొక్కి కొండ చేసిన మనిషి స్పసేనియా. ఊరికి స్పాసా. ఎనిమిదో తరగతిలో ఆవిడ బడి మానేసింది. బడే తనని తట్టుకోలేక మానుకుందని ఆవిడ అంటుంది. అప్పటికే తండ్రి ట్రాక్టర్ మీద ఊరు చుట్టబెట్టేది. మొగుడు రాదిషా దిబ్బ గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఇనుప పళ్ల చక్రాలతో చెత్తని అణగదొక్కే పెద్ద యంత్రాన్ని నడిపేవాడు ఆస్ట్రియా వెళ్లిపోయినప్పుడు, ఆ సీట్లోకి ఎక్కడానికి ఊళ్లో ఒక్క మగాడు ముందుకి రాలేదు. స్పాసా మొగుడికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, చేతులు తుడుచుకుని, ఎక్కి కూర్చుంది. దిగింది జుట్టు నెరిశాకే. ఆ యంత్రానికి గేదె అని పేరు పెట్టింది. గేదె తన మాట తప్ప ఇంకెవరి మాటా వినదనీ, ఒకసారి ఇంజన్ ఆపేసినా తన గొంతు విని రెండు బారలు ముందుకొచ్చిందనీ చెప్పేది. మెకానిక్‌ని అడిగితే అతను నవ్వేవాడు గానీ కాదనేవాడు కాదు.

బస్సులో ఆవిడ పక్క సీట్లో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఆవిడ ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా సంచీ ఆ సీట్లో పెట్టుకుని, మంత్రిగారికైనా ఒక్క టికెట్టు మీద రెండు సీట్లు ఇస్తారా అని కండక్టర్‌ని అడిగేది.

తర్వాత దూరంగా జిల్లా మొత్తానికీ కొత్త చెత్త కేంద్రం పెట్టారు. పాతదాన్ని మూసి, శుభ్రం చేసి, జనం తిరిగే పార్కు చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. నీష్ నగరం నుంచి తియానా అనే కుర్ర ఇంజనీరు దిగింది. తన ఉద్యోగం పోయిందనుకున్న స్పాసా, గేదెని కడిగి బొట్టు ఒక్కటే తక్కువగా సిద్ధం చేసింది. తియానా మాత్రం వాలు సరిచేయడానికి ఈ దిబ్బ ఒళ్లు తెలిసిన మనిషే కావాలంది. రెండు వేసవులు ఇద్దరూ కలిసి దానికి నున్నటి ఆకారం తెచ్చారు. మీద బంకమట్టి పరిచారు. దాని మీద చెప్పు అట్టంత మందం ఉన్న నల్ల పట్టా పరిచి, ముక్కకి ముక్క వేడితో అతికారు. ఆపైన కంకర, మట్టి, గడ్డి. లోపల కుళ్లే చెత్తలోంచి పుట్టే గాలి పోవడానికి అక్కడక్కడా చేతికర్రల్లా తల వంచిన గొట్టాలు నిలబెట్టారు.

"అక్కా, వాన లోపలికి దిగకూడదు, లోపలి గాలి గొట్టాల్లోంచి తప్ప బయటికి రాకూడదు," అని చెప్పింది తియానా. "ఆ గాలి అంటుకుంటుంది. అందుకని పైన నిప్పు వద్దు, తవ్వకం వద్దు. పట్టాకి చిల్లు పడిందా, మళ్లీ మొదటికొస్తాం."

స్పాసా ఈ మాటలు విన్న సాయంత్రమే కఫానా అనే ఊరి తాగుడు కొట్లో రెండు గ్లాసులు రాకియా సారా తాగి, ఈసారి జుర్జెవ్‌దాన్‌కి ఊరంతా తన కొండ మీదే మాంసం తింటుందని బల్ల గుద్ది చెప్పింది. ఊరు పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మాంసం కొట్టు వుకాషిన్. రాదిషా చిన్నాన్న కొడుకు, స్పాసాకి వరసకి మరిది.

"వదినా, నీ చెత్త మీద కూర్చుని ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నానంటే ఈ మీసం గొరిగించుకుంటా," అన్నాడు. ఆ మీసం మామూలుది కాదు. చలికాలంలో పిచ్చుకలు దాన్లో తలదాచుకుంటాయని చెప్పుకునేవాళ్లు.

పండగ తర్వాతి సోమవారం తనిఖీవాళ్లు రావాలి. కొండ మీద పరిచిన పట్టా చెక్కుచెదరకుండా ఉంటే గేటు తెరుస్తారు. లేకపోతే కంచె అలాగే ఉంటుంది, స్పాసా బతుకంతా తొక్కిన కొండ ఎవరూ ఎక్కని దిబ్బగా మిగులుతుంది. పండగ ఒక్క ఉదయానికి గేటు తీయడానికి తియానాని బతిమాలి ఒప్పించింది గానీ, నిప్పు వద్దు, తవ్వకం వద్దు అన్న సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. బల్ల గుద్దింది గానీ, ఒక్క మనిషైనా వస్తాడని ఆవిడకి నమ్మకం లేదు.

పండగనాడు చీకటి విడుతుండగా ఒక రొట్టె, ఒక జున్ను ముద్ద పట్టుకుని కొండెక్కింది. గొట్టాలకి పండగ ఆచారం ప్రకారం విల్లో చెట్టు కొమ్మలు కట్టింది. గడ్డి మీది మంచుతో మొహం కడుక్కుంది. గేటు వైపు చూస్తూ కూర్చుంది. గేటు దగ్గర ఎవరూ లేరు. సరే, రొట్టె తనకే సరిపోతుంది అనుకుంది.

అప్పుడు వెనక నుంచి సమ్మెట చప్పుడు వినిపించింది.

ఊరు గేటు నుంచి రాలేదు. తాతలు మైదానానికి వచ్చిన పాత ఏటి దారినే, కంచె సందులోంచి వచ్చింది. పొగమంచులోంచి ఒక్కొక్కరే తేలారు. ముసలివాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు, అకార్డియన్ వాయించేవాడు. గొర్రెపిల్ల కాల్చాలంటే రెండు పంగ గుంజలు పాతాలి, వాటి మీద చువ్వ ఆనించాలి, కింద నిప్పు వెయ్యాలి. జుర్జెవ్‌దాన్ అంటే టోపోల్నిక్ చేతులకి తెలిసింది అదే. అందరి భుజాల మీదా గుంజలే, అందరి చంకల్లోనూ కట్టెలే. అందరికంటే ముందు వుకాషిన్. మొదటి గుంజ అప్పుడే జానెడు లోతు దిగింది.

ఒక్క క్షణం స్పాసా కళ్లు చెమ్మగిల్లాయి. ఊరు వచ్చింది. తన కొండ ఎక్కింది. మరుక్షణం గుంజ మీద చూపు పడింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన జనాన్ని ఇప్పుడు తనే తరమాలి. పరుగెత్తి వెళ్లి సమ్మెటకీ గుంజకీ మధ్య చెయ్యి పెట్టింది.

"వదినా, చెయ్యి తియ్యి. తినడానికి రాలేదులే, కాల్చడానికి వచ్చా," అన్నాడు వుకాషిన్.

"కింద పట్టా ఉంది మరిదీ. చిల్లు పడుతుంది. ఇక్కడ నిప్పు కూడా వెయ్యకూడదు."

అతను జనం వైపు తిరిగి, గుంజ పాతలేని కొండ కూడా ఒక కొండేనా, పండగకి పిలిచి పచ్చి మాంసం పెడతావా అని ఎగతాళి చేశాడు. నవ్వులు లేచాయి. కొందరు పక్కన గుంజలు నిలబెట్టారు. పట్టా గురించి, గాలి గురించి తియానా చెప్పినట్టే చెప్పబోయింది స్పాసా. ఎవరూ వినడం లేదు. వాళ్లకి తెలిసిన స్పాసా పాఠాలు చెప్పే స్పాసా కాదు. అప్పుడావిడ నడుం మీద చేతులు పెట్టుకుని తనకి చేతనైన పని మొదలుపెట్టింది.

"సరే, కొట్టు. నీ గుంజ కింద ఏముందో తెలుసా? నీ కొట్టు వెనక గదిలోంచి చెల్లెమ్మ చూడకుండా పారేయించిన పెట్టె. దాన్ని తొక్కింది నేనే. చిల్లు పడితే ఏది పైకొచ్చినా, అది ఎవరిదో ఇక్కడే చదివి చెప్తాను."

వుకాషిన్ భార్య మొగుడి మొహంలోకి చూసింది. సమ్మెట గాల్లోనే ఆగిపోయింది.

స్పాసా ఆగలేదు. అకార్డియన్‌వాడి కాళ్ల కింద వాడి పాత పెళ్లి మంచం ఉందనీ, అది ఎందుకు విరిగిందో కూడా తనకి తెలుసనీ అంది. మాజీ మేయరుగారి చెల్లెలు నిలబడ్డ చోట ఖాళీ సీసాలు ఎన్ని ఉన్నాయో చెప్పమంటారా అని అడిగింది. ఈ ఊరు దాచుకున్నదంతా నా గేదె కాళ్ల కిందే పోయింది, చదును చేసి మూత పెట్టాను, ఆ మూత మీకే మంచిది అంది. ఎక్కడ ఏముందో ఆవిడకి నిజంగా తెలుసా లేదా అన్నది ఈ రోజుకీ తేలలేదు. ఆ ఉదయం మాత్రం పరీక్షించి చూడడానికి ఎవరూ సిద్ధపడలేదు. ముందు వుకాషిన్ గుంజ పైకొచ్చింది. తర్వాత మిగతావి గడ్డి మీంచి ఎంత మెల్లగా లేచాయంటే, పడుకున్న పసిబిడ్డని ఎత్తుతున్నట్టే ఉంది.

అప్పుడే గేటు దగ్గరికి చేరిన తియానా పరుగున పైకొచ్చి కన్నంలో చెయ్యి పెట్టి చూసింది. మట్టి మాత్రమే. పట్టా ఇంకా చాలా కింద ఉంది. మట్టి కూరి, మడమతో నొక్కి, స్పాసా వైపు చూసి తలాడించింది.

ఊరు కట్టెలతో సహా కిందికి దిగిపోయింది. కంచె అవతల ఏటి ఒడ్డున గట్టి నేల మీద పొగలు లేచాయి. పాటలు మొదలయ్యాయి. స్పాసా వాళ్ల వెంట దిగలేదు, పిలవలేదు. పైనే కూర్చుని రొట్టె తుంచి చేతిలో పట్టుకుంది, నోట్లో పెట్టుకోలేదు. కడుపులు నిండాక అటునుంచి అటే ఇళ్లకి పోతారు అనుకుంది.

పొద్దెక్కాక పళ్లాలు వచ్చాయి. ముందు అకార్డియన్, వెనక ఆడవాళ్ల తలల మీద ఆవిరి కక్కుతున్న మాంసం, ఉల్లికాడలు, ఉప్పు. పళ్లెం మోసుకొస్తున్న ముసలామె ఒకావిడ, ఆ ఒడ్డున ఏరు తప్ప ఏమీ కనపడదే పిల్లా, మా అమ్మ కాలంలో ఇక్కణ్నుంచే కదా ఊరంతా కనపడేది అంది. గడ్డి మీద గుడ్డలు పరిచారు. పిల్లలు వాలు మీంచి దొర్లారు.

వుకాషిన్ అందరికీ కోసి పెడుతూ, తను నిలబడే ఉన్నాడు. పక్కటెముక ఒకటి చేతిలో చల్లారిపోతోంది. చివరికి జనానికి వీపు పెట్టి తిరిగి, ఎవరూ చూడట్లేదనుకుని కొరికాడు. ఊరంతా చూసింది.

"రేపు మంగలి దగ్గరికి వెళ్తాలే వదినా," అన్నాడు నములుతూనే.

"వద్దు మరిదీ," అంది స్పాసా. "అంత జుట్టు పారేయడానికి ఇప్పుడు ఊళ్లో చోటెక్కడుంది?"

సోమవారం వచ్చినవాళ్లు కొండంతా తిరిగి, గొట్టాల దగ్గర యంత్రాలు పెట్టి చూసి, అంతా బావుందన్నారు. గేటు తెరిచారు. బోర్డు మీద మునిసిపాలిటీ ఏదో పొడుగాటి పేరు రాయించింది గానీ ఊరు దాన్ని స్పాసా కొండ అనే అంటుంది. గుంజలు మాత్రం ఏటి ఒడ్డునే పాతుతుంది.

ఆదివారాల్లో కొండకి వెళ్లే బస్సు ఎప్పుడూ కిటకిటే. స్పాసా ఎక్కేసరికి పక్క సీటు కాదు గదా, తన సీటే ఉండదు. కడ్డీ పట్టుకుని నిలబడి, ఈ కొండ కట్టింది నేను, కూర్చోడానికి చోటు లేనిది నాకే అని బస్సంతా వినేలా కండక్టర్‌తో పోట్లాడుతుంది. ఎవరైనా లేచి సీటు ఇస్తే మాత్రం కూర్చోదు.