చుక్కా చుక్కా కలిసిన రోజు

నావికుల బడిలో సముద్రపు పటాలు చదవడం నేర్పి రిటైరైన అక్కకు, తమ్ముడి పడవలో దారి చూపించే జీపీఎస్ తెర అంటే ఒళ్ళుమంట. తమ్ముడు పళ్ళ డాక్టరు. తెరచాప పడవ కొన్న రోజే తెర కూడా బిగించాడు. ఆదివారమొస్తే ముగ్గురూ బయల్దేరేవాళ్ళు: తెర ముందు తమ్ముడు, పటం పరుచుకుని చెవి మీద పెన్సిలుతో అక్క, మధ్యలో స్వెట్టరు అల్లుకుంటూ తమ్ముడి భార్య.

"ఒరేయ్, బ్యాటరీ అయిపోతే నీ తెర తల దువ్వుకోవడానికి అద్దంగా పనికొస్తుందిరా," అనేది అక్క.

"నువ్వు కాఫీ ఒలకబోసిన చోట కొత్త దీవి లేచింది, చూసుకో అక్కా," అనేవాడు తమ్ముడు.

ఒక ఆదివారం మంచు విడుతుండగా అక్క లైట్‌హౌస్‌ వైపూ కొండకొన వైపూ దిక్సూచి పట్టి, పటం మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టింది. తమ్ముడు తెర చూశాడు. అక్కడా అదే చోటు! అడుగున బోలెడు లోతు అని రెండూ చెప్పాయి.

"నీ లెక్క భలే అక్కా!"

అక్క పొంగిపోయి, తన రుమాలుతో ఆ తెరని తుడిచింది కూడా. అంతలో పడవ సర్రుమని ఇసుకలో కూరుకుపోయి ఆగింది. మొన్నటి గాలివానకు ఇసుక మేట ఇటు జరిగిన సంగతి పటానికీ తెలీదు, తెరకీ తెలీదు.

"ఇందాకే అనుకున్నా, సముద్రం మధ్యలో కొంగలు నిలబడ్డాయేంటా అని," అంది తమ్ముడి భార్య, అల్లిక మీంచి తలెత్తకుండా.

"మరి చెప్పవేం?" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"నా పెళ్ళైన ఇన్నేళ్ళకి మీరిద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు వదినా. చెడగొట్టడం దేనికని."

ఆటుకి నీళ్ళు వెనక్కి తీసేసరికి పడవ పక్కకి ఒరిగింది. ముగ్గురూ పై అంచు పట్టుకుని వేలాడుతుంటే, గవ్వలేరుకునేవాడొకడు మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు, లంగరేసి సేదతీరుతున్నాం," అంది అక్క దర్జాగా.

అతను పడవ ముక్కు దగ్గర ఇంకా వేలాడుతున్న లంగరు కేసి చూసి, "మంచిదండీ" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం పోటు వచ్చి పడవని లేపేలోపు అక్కాతమ్ముళ్ళు దిగి, తిట్టుకుంటూనే మేట చుట్టూ నడిచి, ఆమె పటంలో, అతను తెరలో గుర్తు పెట్టారు. మర్నాడు రేవు ఆఫీసులో చెప్పారు. వారం తిరిగేసరికి రేవులో అందరూ దాన్ని 'డాక్టరుగారి దిబ్బ' అనడం మొదలెట్టారు. అది విని అక్క ఉడికిపోయింది.

"పడవని వాడొక్కడే ఎక్కించాడా ఏంటి? నేనూ ఎక్కించానుగా!"