స్కీల మీద బరువు

నేను నర్సును. విక్టోరియాలో ఒక మంచు కొండ మీది రిసార్టులో చిన్న క్లినిక్ ఉంది, చలికాలమంతా నా ఉద్యోగం అక్కడే. మా ఆయన అదే కొండ మీద అతిథుల సామాన్లు చేరవేస్తాడు. మంచు పడ్డాక కార్లు కిందే ఆగిపోతాయి. పైన తిరిగేవి స్నోమొబైళ్లే. ముందు చక్రానికి బదులు మంచు మీద జారే బద్దల్లాంటి రెండు స్కీలు, వెనక రబ్బరు బెల్టు, మధ్యలో మోటార్‌సైకిల్ లాంటి సీటు.

ఆ ఏడు కొత్త నియమం పెట్టారు. నర్సు కూడా బండి నడుపుకుంటూ, తీగకు వేలాడే కుర్చీల్లో జనాన్ని కొండెక్కించే పై లిఫ్టు దాకా వెళ్లగలగాలి. శుక్రవారం పరీక్ష. తప్పితే నన్ను లోయలోని ఆసుపత్రికి మారుస్తారు, ఆయన పైనే ఉంటాడు. వీసాల గొడవలో అప్పటికే రెండేళ్లు చెరో దేశంలో ఉండి వచ్చినవాళ్లం. మళ్లీ ఫోన్‌లో కాపురం చేసే ఓపిక నాకు లేదు.

సోమవారం సాధనకు వెళ్లాను. వంపు దగ్గర హ్యాండిల్ తిప్పితే బండి మాట వినలేదు. పళ్లు బిగబట్టి లాగాను. భుజం కలుక్కుమంది, బండి మాత్రం కాస్త మెడ తిప్పి, మంచులో నిలబడ్డ యూకలిప్టస్ చెట్టుకు జానెడు దూరంలో ఆగింది. కిందటేడు మెట్ల మీద జారి ఆ భుజమే విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది కానీ బలం పూర్తిగా రాలేదు. తప్పు భుజానిదే అనుకున్నాను.

"గట్టిగా లాగవే, అదే తిరుగుద్ది," అన్నాడు మా ఆయన.

ఆయన దృష్టిలో లోకంలో ఏ జబ్బుకైనా మందులు రెండే, ఇంకాస్త బిగించడం, ఇంకాస్త గట్టిగా లాగడం. మా ఇంట్లో ఆయన కట్టేసిన కుళాయిని నేను విప్పలేను. పచ్చడి సీసా మూతల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మంగళవారం కూడా అదే తంతు. బుధవారం పొద్దున బండిని వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. సామాన్లు దించి మా ఆయన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్కడి మెకానిక్ డెబ్బై దగ్గర పడిన తెల్లాయన. నేను అలవాటుకొద్దీ అంకుల్ అంటాను. మొదట్లో, నీకు నాకు చుట్టరికం ఎక్కడ కుదిరిందని నవ్వేవారు. ఇప్పుడు పలుకుతున్నారు.

"నా భుజంలో బలం లేదు అంకుల్," అన్నాను.

"భుజం సంగతి తర్వాత. ముందు బండిని అడుగుదాం," అన్నారు.

ఒక పొడుగాటి కర్రను బెల్టు పక్కన ఆనించి స్కీలు తిన్నగా ఉన్నాయో లేదో చూశారు. ఉన్నాయి. స్కీల అడుగున ఉండే ఉక్కు కడ్డీలను వేలితో తడిమారు. అవీ బాగానే ఉన్నాయి. అప్పుడు నన్ను, క్లినిక్‌లో రోగుల బరువు చూసే మిషన్ తెమ్మన్నారు. పరుగెత్తి తెచ్చాను. దాన్ని ఒక స్కీ కింద పెట్టి, రెండో స్కీ కింద అంతే ఎత్తు చెక్క పెట్టి, నన్ను సీటు మీద కూర్చోమన్నారు. అంకె చూసి ఈల వేశారు.

తర్వాత బండి వెనక్కి వెళ్లి వంగి చూశారు. "ఈ స్ప్రింగులు ఇంతలా బిగించిందెవరు?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు.

"నేనే," అని ఇంగ్లీషులో ఒప్పుకుని, నావైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "నీ వెనకాల ఆక్సిజన్ సిలిండర్ ఉంటదిగా, పైన మందుల పెట్టె. బండి కుంగితే నీకు కష్టమని ఆదివారం బిగించా."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"చెప్పేదేముందే. తెనాల్లో మన స్కూటర్‌కి చేసిందేగా."

నిజమే. ఆ స్కూటర్ మీద ఆయన, నేను, మా అమ్మ ఇచ్చిన బియ్యం బస్తా. బయల్దేరే ముందు వెనక స్ప్రింగు బిగించేవాడు, బండి హాయిగా పోయేది. ఇది స్కూటర్ కాదు, పైగా సాధనలో నా వెనక సిలిండరూ లేదు. వెనక భాగం లేస్తే బరువంతా ముందుకొచ్చి స్కీల మీద పడుతుంది, అవి మంచులో దిగబడతాయి. మూడు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటుంటే ఈ మనిషి పక్కనే ఉండి గట్టిగా లాగమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంకుల్ వెనక స్ప్రింగులు వదులు చేశారు. బెల్టు ముందు భాగంలోని స్ప్రింగును కాస్త బిగించి, స్కీల మీది స్ప్రింగులను కొద్దిగా సడలించారు. పానా తిప్పినప్పుడల్లా మిషన్ మీద అంకె తగ్గుతోంది. బండి అదే, నేనూ అదే, ఒక్క గ్రాము కూడా బయటికి పోలేదు. అయినా ఆ అంకె దిగుతోంది. కోపం మర్చిపోయి చిన్నపిల్లలా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"బరువు ఎక్కడికీ పోలేదు," అన్నారు అంకుల్. "మోయగలిగినచోట కూర్చుంది, అంతే."

మధ్యాహ్నం అదే వంపు దగ్గరికి వెళ్లాను. హ్యాండిల్‌ను ఊరికే అలా అన్నానో లేదో, అంత బండీ నేను అనుకున్నవైపు తిరిగింది. చెట్టు పక్కకు తప్పుకుంది. కొండల వరుసలన్నీ తెల్లగా నా ముందుకొచ్చాయి. రెండేళ్లుగా ఆ కొండ మీద ఉన్నా, వాటిని భయం లేకుండా చూసింది అప్పుడే. ఇంజిన్ ఆపి ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది.

శుక్రవారం పరీక్ష పెట్టినావిడ నా వెనకే ఇంకో బండి మీద పై లిఫ్టు దాకా వచ్చింది. కాగితం మీద టిక్కు పెట్టి, టీ ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

శనివారం పొద్దున క్లినిక్ ముందుకు వచ్చేసరికి మా ఆయన నా బండి పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో పానా ఉంది, బండి మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు.

"ఇవాళ సిలిండర్ ఉందా?" అన్నాడు. "బిగించనా, వదిలెయ్యనా?"

పదిహేనేళ్ల కాపురంలో దేన్నైనా బిగించే ముందు ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి.

"ఉంది. ఒక్క చుట్టు చాలు," అన్నాను.

ఒక్క చుట్టే తిప్పి, పానా జేబులో పెట్టుకున్నాడు.